రీఫ్ ట్యాంకుకు ఏ జెయింట్ క్లామ్? చిప్ప చూసి గుర్తుపట్టండి, లైటు చూసి ఎంచుకోండి

జెయింట్ క్లామ్ అంటే రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పెట్టుకునే పెద్ద రెండు చిప్పల జీవి. దాన్ని కొనడానికి వెళ్లినవాళ్ల కళ్లు ముందుగా రంగు మీదే పడతాయి. ముదురు నీలం, మధ్యలో బంగారు మచ్చలు, లైటు పడగానే మెరిసే ఆకుపచ్చ అంచు. అవి చూసి మనసు పారేసుకోవడం సహజమే. కానీ రంగును బట్టి జాతి చెప్పలేం. జాతి తెలియకపోతే ఎంత లైటు కావాలో, రాయి మీద పెట్టాలో ఇసుకలో పెట్టాలో, నాలుగైదేళ్లకు ఎంత పెరుగుతుందో ఏదీ తెలియదు. పోనీ ట్యాంకు మీద అంటించిన పేరును నమ్ముకుందామంటే, మాక్సిమాను క్రోసియా అనీ, క్రోసియాను మాక్సిమా అనీ రాసి అమ్మడం మామూలే. అందుకే ముందు చిప్ప చూసి జాతి తేల్చుకోండి. తర్వాత మీ లైటు సంగతి చూసుకోండి. ఆపైన, ఎదురుగా ఉన్న ఆ ఒక్క క్లామ్ ఆరోగ్యంగా ఉందో లేదో చూడండి. రంగు మాట అన్నిటికన్నా చివర.

అక్వేరియంల కోసం అమ్మకానికి వచ్చేవి ప్రధానంగా ఆరు జాతులు. ట్రిడాక్నా అనే ప్రజాతిలో డెరాసా, స్క్వామోసా, మాక్సిమా, క్రోసియా, గైగాస్. హిప్పోపస్ ప్రజాతిలో హిప్పోపస్ హిప్పోపస్. మాక్సిమాల గుంపులో కలిసిపోయి నోయే అనే జాతి కూడా వస్తుంటుంది. వీటిలో ఇంటి ట్యాంకుకు నిజంగా పోటీపడేవి మొదటి నాలుగే. మిగతావాటి గురించి తక్కువే చెబుతాను.

చిప్పలో ఎక్కడ చూడాలి

క్లామ్‌ను పైనుంచి చూస్తే మ్యాంటిల్ తప్ప ఏమీ కనబడదు. మ్యాంటిల్ అంటే చిప్ప అంచుల మీదుగా బయటికి పరుచుకునే ఆ రంగురంగుల కండ. గుర్తుపట్టడానికి పక్కనుంచి చూడాలి, వీలైతే అమ్మేవారిని అడిగి అడుగు భాగం కూడా చూడాలి. నీళ్లలోనే మెల్లగా పక్కకు వంచి చూపిస్తే చాలు, బయటికి తీయనక్కర్లేదు. రాయికి అతుక్కుని ఉంటే మాత్రం కదపమని అడగొద్దు.

అడుగున, రెండు చిప్పలను కలిపే కీలు పక్కనే, ఒక సందు ఉంటుంది. దాన్ని బైసల్ రంధ్రం అంటారు. క్లామ్ పాదం అందులోంచే బయటికి వస్తుంది, అక్కడినుంచే సన్నని దారాలు వదిలి రాయిని పట్టుకుంటుంది. ఈ రంధ్రం ఎంత పెద్దదన్నదే జాతిని పట్టించే మొదటి ఆనవాలు. రాయి మీద బతికే జాతులకు అది పెద్దది. ఇసుకలో తన బరువుతోనే నిలబడే జాతులకు చిన్నది, లేదా పెరిగేకొద్దీ మూసుకుపోతుంది.

రెండో ఆనవాలు చిప్ప బయటి వైపు. నిలువుగా మడతలుంటాయి. కొన్ని జాతుల్లో ఆ మడతల మీద అడ్డంగా పొలుసులు లేచి నిలబడతాయి, వాటిని స్క్యూట్లు అంటారు. అవి ఎంత పెద్దవి, ఎంత దూరదూరంగా ఉన్నాయి, కింది దాకా ఉన్నాయా పై అంచు దగ్గరే మిగిలాయా అన్నది గమనించాలి.

మూడోది సైఫన్. మ్యాంటిల్ మధ్యలో రెండు రంధ్రాలు కనబడతాయి. ఒకటి చిన్న గొట్టంలా పైకి లేచి ఉంటుంది, నీళ్లు బయటికి వదిలేది అది. పొడుగ్గా చీలికలా ఉండే రెండోదాని గుండా నీళ్లు లోపలికి పోతాయి. ఆ చీలిక అంచున తంతువులు ఉన్నాయా లేవా, ఉంటే కొమ్మలు వేసినట్టున్నాయా అన్నది చూడాలి. ఈ మూడూ కలిపి చూస్తే నూటికి తొంభై సార్లు జాతి తేలిపోతుంది.

డెరాసానా, స్క్వామోసానా

మొదటిసారి క్లామ్ పెంచేవారికి ఎంపిక ఈ రెండిటి మధ్యే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

డెరాసా చిప్ప నున్నగా ఉంటుంది. మడతలు వెడల్పుగా, లోతు లేకుండా ఉంటాయి, పొలుసులు దాదాపు కనబడవు. బైసల్ రంధ్రం చిన్నది. మ్యాంటిల్ మీద పొడవాటి గీతలు, గోధుమ, బంగారు, ఆకుపచ్చ రంగులు, చాలావాటికి అంచు చుట్టూ నీలం గీత. మాక్సిమా పక్కన పెడితే సాదాగానే కనబడుతుంది. అయితే దీనికున్న ఓర్పు మిగతావాటిలో చాలావాటికి లేదు. మధ్యస్థమైన లైటులో బతుకుతుంది, నీటి లెక్కలు కొంచెం అటూఇటూ అయినా తట్టుకుంటుంది, ఇసుకలో పెడితే చాలు. అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఫారాల్లో పుట్టి పెరిగినవే. పసిఫిక్‌లోని పలావు దేశంలో జెయింట్ క్లామ్‌ల పెంపకం పెద్ద ఎత్తున సాగింది ముఖ్యంగా డెరాసాతోనే. తరతరాలుగా తొట్లలో పెరిగిన వంశం కాబట్టి ట్యాంకు జీవితానికి త్వరగా అలవాటు పడుతుంది.

దీనితో చిక్కల్లా సైజే. సముద్రంలో 60 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ట్యాంకులో అంత కాకపోయినా, బాగా కుదురుకున్న డెరాసా ఏడాదికి 5 సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది. అరచేతిలో పట్టే పిల్లను తెచ్చుకుంటే నాలుగైదేళ్లలో 30 సెంటీమీటర్లు దాటేస్తుంది. మ్యాంటిల్ పూర్తిగా పరిస్తే చిప్ప కన్నా ఇంకా వెడల్పు. ముందునుంచి వెనక్కి 60 సెంటీమీటర్లు లేని ట్యాంకులో డెరాసాను పెట్టమని నేను చెప్పను.

స్క్వామోసాను గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక. చిప్ప మీద పెద్ద పెద్ద పొలుసులు దూరదూరంగా, పై నుంచి కింది దాకా వరసలుగా లేచి ఉంటాయి. రెండు పొలుసుల మధ్య వేలు పెట్టగలిగేంత ఖాళీ కూడా ఉంటుంది పెద్దవాటికి. చిప్ప ఆకారం రెండు వైపులా సమానంగా ఉంటుంది. నీళ్లు పీల్చే సైఫన్ అంచున కొమ్మలు వేసిన తంతువులు స్పష్టంగా కనబడతాయి. మ్యాంటిల్ మీద మచ్చలు, అలలు, గోధుమ బంగారు రంగులు ఎక్కువ, నీలం ఆకుపచ్చ కలిసినవి తక్కువ. 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, డెరాసా అంత వేగంగా మాత్రం కాదు. లైటు విషయంలోనూ డెరాసాకు దగ్గరే. రాయి మీదైనా ఇసుకలోనైనా ఉంటుంది.

ఈ రెండిట్లో నా ఓటు ట్యాంకు పెద్దదైతే డెరాసాకు, మధ్యరకం ట్యాంకైతే స్క్వామోసాకు. స్క్వామోసాకు ఇంకో సుగుణం ఉంది. మ్యాంటిల్ మాత్రమే కాక చిప్ప కూడా అందంగా ఉంటుంది కాబట్టి, ముందు గాజులోంచి పక్కగా చూసినా చూడబుద్ధేస్తుంది. ఈ మాట చిన్నదిగా కనబడొచ్చు, కానీ మాక్సిమా, క్రోసియాల అసలు రంగు పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. ఎత్తైన ట్యాంకు అడుగున పెట్టుకుని పక్కనుంచి చూస్తే కనబడేది మ్యాంటిల్ వెనక భాగమే. కొన్నరోజు పైనుంచి చూసి తెచ్చుకుని, ఇంట్లో పక్కనుంచి చూసి నిరాశపడేవారు చాలామంది.

మాక్సిమాకూ క్రోసియాకూ తేడా

గుర్తుపట్టడంలో నిజమైన తలనొప్పి ఇక్కడే. రెండూ చిన్నవి, రెండూ నీలం, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో వెలిగిపోతాయి, రెండూ రాయిని పట్టుకునే ఉంటాయి, రెండిటికీ బైసల్ రంధ్రం పెద్దదే.

ముందు ఆకారం చూడండి. మాక్సిమా చిప్ప పక్కనుంచి చూస్తే పొడవుగా సాగి ఉంటుంది. కీలుకు ఒక వైపు భాగం రెండో వైపు కన్నా బాగా పొడవు, అంటే ఒంటిపక్కకు లాగినట్టుంటుంది. క్రోసియా పొట్టిగా, గుండ్రంగా, రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉంటుంది. తర్వాత పొలుసులు. మాక్సిమాకు చిన్న పొలుసులు దగ్గరదగ్గరగా, ఎక్కువగా పై అంచు వైపు, ముట్టుకుంటే గరుగ్గా తగిలేలా ఉంటాయి. క్రోసియాకు పై అంచున సన్నని పొలుసులు కొన్ని ఉంటే ఉంటాయి, కింది భాగం అరిగిపోయి నున్నగా ఉంటుంది. దానికి కారణం దాని బతుకే. క్రోసియా పగడపు రాతిలోకి తొలుచుకుంటూ పోయి, పైఅంచు దాకా అందులోనే కూరుకుని బతుకుతుంది. పాదం దగ్గర ఊరే ఆమ్లం రాతిని మెత్తబరుస్తుంది, చిప్ప కదలిక దాన్ని ఒరుస్తుంది. ఆ రాపిడికి పొలుసులు నిలవవు. బైసల్ రంధ్రం కూడా క్రోసియాకు అన్నిటికన్నా పెద్దది. అడుగు చూపించగలిగితే ఇదొక్కటే చాలు నిర్ధారించుకోవడానికి.

మ్యాంటిల్ అంచున మరో గుర్తు ఉంటుంది. మాక్సిమాకు అంచు వెంబడి చిన్న నల్లటి కళ్లు వరసగా, దగ్గరదగ్గరగా కనబడతాయి. ఇవి నిజంగానే వెలుగును పట్టే కళ్లు, మీ చెయ్యి నీడ పడగానే క్లామ్ ముడుచుకునేది వీటి వల్లే. క్రోసియాలో ఈ వరస అంత స్పష్టంగా ఉండదు. అయితే కళ్లను బట్టి మాత్రమే తేల్చేయకండి, చిప్పతో సరిచూసుకోండి.

నోయే చాలాకాలం మాక్సిమాలో భాగంగానే లెక్కకొచ్చింది. మ్యాంటిల్ అంచున తెల్లని గీతతో చుట్టిన కన్నీటిబొట్టు ఆకారపు మచ్చలు వరసగా ఉంటే అది నోయే అనుకోవచ్చు. పెంపకంలో మాక్సిమాకు చేసినట్టే చేస్తే సరిపోతుంది.

సైజులో మాక్సిమా 30 సెంటీమీటర్లు దాటగలదు కానీ మెల్లగా పెరుగుతుంది. క్రోసియా 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఈ కుటుంబంలోకెల్లా చిన్నది. చిన్న ట్యాంకు ఉన్నవారికి ఈ మాట వినగానే క్రోసియా మీద ఆశ పుడుతుంది. అక్కడే ఒక్క నిమిషం ఆగాలి. లైటు అన్నిటికన్నా ఎక్కువ అడిగేది క్రోసియానే. పైగా అమ్మకానికి వచ్చే క్రోసియాల్లో చాలా భాగం సముద్రంలో రాతిని చెక్కి తీసినవి. తీసేటప్పుడు పాదం దగ్గర గాయమైతే బయటికి ఏమీ తెలియదు. రంగు బాగుంటుంది, మ్యాంటిల్ తెరుచుకునే ఉంటుంది, ఇంటికొచ్చాక కొన్ని వారాల్లో చనిపోతుంది. రాతిముక్కతో సహా వచ్చిన క్రోసియా దొరికితే దానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. విడిగా వచ్చిన చిన్న క్రోసియాను ఎంత చవగ్గా ఇచ్చినా నేను వద్దనే అంటాను.

లైటు బలంగా ఉండి, ట్యాంకు ఏడాది దాటి నిలకడగా నడుస్తుంటే, ఆ నీలం మీద మనసు పడితే, మాక్సిమానే తీసుకోండి. అదీ ఫారంలో పుట్టినది, 8 సెంటీమీటర్లు దాటినది.

గైగాస్, హిప్పోపస్

గైగాస్ మీటరు దాటి పెరిగే జీవి, 200 కిలోల పైన తూగుతుంది. ప్రపంచంలో ఉన్న రెండు చిప్పల జీవులన్నిటిలోకీ పెద్దది. 2024లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. పిల్లగా ఉన్నప్పుడు గుర్తు: నాలుగైదు లోతైన మడతలు, చిప్ప అంచు పెద్ద త్రికోణాలుగా పైకి లేచి ఉండటం, నీళ్లు పీల్చే సైఫన్ చుట్టూ తంతువులు లేకపోవడం, గోధుమ లేదా ఆకుపచ్చ మ్యాంటిల్ మీద నీలం ఆకుపచ్చ చుక్కలు. ఇంటి ట్యాంకుకు ఇది కాదు. పిల్ల ముచ్చటగా ఉందని తెచ్చుకుంటే కొన్నేళ్లలో దాన్ని ఎవరికివ్వాలో తెలియక ఇబ్బంది పడేది మీరే.

హిప్పోపస్ మ్యాంటిల్ చిప్ప అంచు దాటి బయటికి రాదు, అదే దాని పెద్ద గుర్తు. చిప్ప మందంగా, బరువుగా, త్రికోణాకారంలో, ఎర్రటి పట్టీలతో ఉంటుంది. ఆకుపచ్చ గోధుమ రంగుల మీద సన్నని గీతలు. మెరుపు లేదని దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ డెరాసా అంత ఓర్పు ఉన్న జీవి ఇది. ఇసుకలో పెట్టుకుని వదిలేయొచ్చు. 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

మీ ట్యాంకు దేనికి సరిపోతుంది

క్లామ్ మ్యాంటిల్‌లో జూక్సాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. కడుపు నుంచి మ్యాంటిల్ దాకా విస్తరించిన సన్నని గొట్టాల్లో అవి కాపురం ఉంటాయి. వెలుతురుతో అవి తయారుచేసే చక్కెరలే క్లామ్‌కు ప్రధాన ఆహారం. అంటే లైటు తగ్గితే క్లామ్ పస్తులున్నట్టే, కాకపోతే ఆ పస్తు బయటపడటానికి నెలలు పడుతుంది. ఈ ఆలస్యమే చాలామందిని మోసం చేస్తుంది. మొదటి నెల బాగుంది కదా అని నిశ్చింతగా ఉంటారు.

శైవలాలకు పనికొచ్చే వెలుతురును కొలిచే పార్ మీటరు అరువు దొరికితే తెచ్చుకుని, క్లామ్ పెట్టబోయే చోటే కొలవండి. డెరాసా, స్క్వామోసా, హిప్పోపస్‌లకు 150 నుంచి 250 మధ్య ఉంటే పని జరుగుతుంది. మాక్సిమాకు 250 నుంచి 350 దాకా, క్రోసియాకు 300 పైన ఉండాలి. ఇవి పెంపకందారులు అనుభవం మీద చెప్పుకునే సుమారు లెక్కలు, ఇంతకు పది తక్కువైతే చచ్చిపోతుందని కాదు. లోతైన ట్యాంకు అడుగున ఇసుక మీద 150 కూడా రావడం లేదంటే అక్కడ డెరాసా కూడా పెట్టొద్దు. లైటు మార్చాకే క్లామ్ సంగతి ఆలోచించండి.

నీటి విషయంలో రాతి పగడాలకు ఏం కావాలో క్లామ్‌కూ అదే. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర, లవణీయత 35 పీపీటీ (వెయ్యికి పాళ్లు), అంటే సాంద్రత 1.026 దగ్గర. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షలకు పాళ్లు), ఆల్కలినిటీ, అంటే నీటి క్షారత, 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), మెగ్నీషియం 1300 చుట్టుపక్కల. అంకె కన్నా నిలకడ ముఖ్యం. ఆల్కలినిటీ వారానికోలా ఊగుతుంటే ఏ జాతి తెచ్చినా టెన్షన్ తప్పదు. నైట్రేట్ సున్నా చేయాలని ఆరాటపడకండి. క్లామ్ నీటిలోంచి అమ్మోనియం, నైట్రేట్ నేరుగా పీల్చుకుంటుంది, లోపలి శైవలాలకు అవి కావాలి. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉన్న ట్యాంకులో క్లామ్ రంగు చిక్కగా ఉంటుంది. ఏమీ మిగల్చకుండా కడిగేసిన నీటిలో పాలిపోతుంది.

మేత గురించి చాలా వాదనలున్నాయి. అన్ని జాతులూ నీటిని వడకట్టి సూక్ష్మజీవులను తింటాయి. చిన్న పిల్లలకు ఈ వడకట్టిన తిండి వాటా ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ వెలుతురు వాటా పెరుగుతుంది. చేపలుండి, వాటికి రోజూ మేత పడే ట్యాంకులో, 8 సెంటీమీటర్లు దాటిన క్లామ్‌కు విడిగా ఏమీ వేయనక్కర్లేదు. 5 సెంటీమీటర్ల లోపు పిల్లకు బతికున్న ఫైటోప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు, వేస్తే మేలు. నన్నడిగితే అసలు అంత చిన్న పిల్లనే తీసుకోవద్దు. చవకని తెచ్చుకునే ఆ బొటనవేలంత పిల్లలు నిలవడం కష్టం. మరీ పెద్దవి కూడా కొత్త చోటికి అంత తేలిగ్గా సర్దుకోవు. 8 నుంచి 12 సెంటీమీటర్లు మంచి సైజు. క్రోసియాకైతే 6 చాలు.

ట్యాంకులో ఎవరున్నారో కూడా చూసుకోవాలి. మరుగుజ్జు ఏంజెల్ చేపలు, బటర్‌ఫ్లై చేపలు, ట్రిగ్గర్లు, పఫర్లు మ్యాంటిల్‌ను కొరుకుతాయి. మరుగుజ్జు ఏంజెల్ కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ముట్టకుండా ఉండి, ఓ రోజు రుచి మరుగుతుంది. ఒకటి కొరికితే క్లామ్ మూసుకుంటుంది, రోజంతా మూసుకుని ఉంటే వెలుతురు అందదు. చివరికి చంపేది గాయం కాదు, ఆ ఆకలే. మీకు ఏంజెల్ చేపంటే ప్రాణమైతే క్లామ్ వదులుకోండి, రెండూ కలిపి జూదం ఆడొద్దు. ఒకచోట ఉండక తిరిగే ఎనిమోనీ (కుట్టే సముద్రజీవి) ఉన్న ట్యాంకు కూడా క్లామ్‌కు మంచిది కాదు. రాగి కలిసిన మందు ఎప్పుడో వాడిన ట్యాంకైతే, నీటిలో రాగి లేదని పరీక్షించుకునే దాకా అసలు తేవద్దు.

ఎదురుగా ఉన్న క్లామ్‌ను పరీక్షించడం

జాతి కుదిరింది, లైటు సరిపోయింది. ఇప్పుడు ఆ ఒక్క ప్రాణిని చూడండి. కనీసం పావుగంట దాని ముందు నిలబడండి.

ముందు చెయ్యి మెల్లగా పైనుంచి తిప్పండి. నీడ పడగానే మ్యాంటిల్ చటుక్కున లోపలికి ముడుచుకోవాలి. బద్ధకంగా, ఆలస్యంగా స్పందిస్తే వదిలేయండి. తర్వాత నీళ్లు పీల్చే సైఫన్ చూడండి. అది సన్నని చీలికలా ఉండాలి. నోరు తెరిచినట్టు వెడల్పుగా తెరుచుకుని లోపలి మొప్పలు కనబడుతుంటే, మ్యాంటిల్ లోపలికి కుంగి ఉంటే, అది చావుకు దగ్గరైన క్లామ్. ఎంత రంగున్నా కొనొద్దు. మ్యాంటిల్ మధ్యలో తెల్లబడి, పారదర్శకంగా ఉంటే శైవలాలు పోయాయని అర్థం. ఇది వెలుతురు తక్కువై గానీ, ప్రయాణంలో వేడికి గానీ జరుగుతుంది. కోలుకోవచ్చు, కానీ ఆ బాధ్యత మీరెందుకు తీసుకోవాలి?

మ్యాంటిల్ అంచు ఒక చోట గట్టిగా నొక్కిపెట్టినట్టు ముడుచుకుని, తెరుచుకోకుండా ఉండే జబ్బు ఒకటుంది. దాన్ని పించ్‌డ్ మ్యాంటిల్ అంటారు, ఒక క్లామ్ నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. మంచినీటిలో కాసేపు ముంచి కొందరు బతికించుకున్న మాట నిజమే. అయినా ఆ ట్యాంకులో ఒక్కదానికి అలా ఉంటే పక్కన ఆరోగ్యంగా కనబడేదాన్ని కూడా తీసుకోకండి.

ఇప్పుడు చిప్ప పై అంచు. అక్కడ తెల్లగా, శుభ్రంగా, కొత్తగా పెరిగిన పట్టీ కనబడితే సంతోషించండి. ఆ క్లామ్ ఈ మధ్య తింటూ, పెరుగుతూ ఉందన్నమాట. పాత చిప్ప మీద నాచు, సున్నపు పొర పట్టి ఉంటుంది కాబట్టి కొత్త పట్టీ స్పష్టంగా తెలుస్తుంది. వచ్చి రెండు వారాలైనా కాని క్లామ్‌ను డబ్బు కట్టి అక్కడే ఇంకొన్ని రోజులు ఉంచమని అడగడం మంచి పద్ధతి. ప్రయాణపు దెబ్బకు పోయేది ఉంటే ఆలోపే పోతుంది.

చివరగా, ఎవరూ చూడని చోటు. పిరమిడెల్లిడ్ నత్తలు బియ్యపుగింజ కన్నా చిన్నవి, తెల్లనివి. పగలు చిప్ప అడుగున, బైసల్ రంధ్రం చుట్టూ, పొలుసుల సందుల్లో దాక్కుని, రాత్రి మ్యాంటిల్ అంచుకు చేరి రసం పీలుస్తాయి. ఒకటి రెండైతే క్లామ్ తట్టుకుంటుంది, కానీ అవి వేగంగా గుడ్లు పెడతాయి, వందలైతే క్లామ్ నీరసించి చనిపోతుంది. స్క్వామోసా కొనేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి, ఆ పొలుసుల మధ్య దాక్కునే చోటు ఎక్కువ. ఇంటికి తెచ్చాక వేరే తొట్లో పెట్టి, మెత్తని టూత్‌బ్రష్‌తో చిప్పంతా తోమండి. జిగురుగా పారదర్శకంగా అంటుకున్న గుడ్ల ముద్దలు కనబడితే అవి కూడా గీకేయండి. కొన్ని రోజులకొకసారి ఇదే పని మళ్లీ చేయాలి. సిక్స్‌లైన్ రాస్ చేప ఈ నత్తలను తింటుంది, అయితే దాని మీదే భారం వేయలేం.

కాగితాల సంగతి కూడా అడగండి. జెయింట్ క్లామ్‌లన్నీ సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, 1983లో గైగాస్, డెరాసా, 1985 నుంచి మొత్తం కుటుంబం. దేశాల మధ్య అమ్మాలంటే అనుమతి పత్రం తప్పనిసరి, కొన్ని దేశాల్లో సొంత చట్టాలు ఇంకా కఠినంగా ఉంటాయి. అమ్మేవారికి అది ఫారంలో పుట్టిందో, సముద్రంలో పట్టిందో తెలిసి ఉండాలి. సమాధానం తడబడితే అది కూడా ఒక సమాధానమే.

పెట్టే చోటు, మొదటి నెల

రాయికి దారాలతో అతుక్కుని ఉన్న క్లామ్‌ను ఎప్పుడూ లాగి తీయకండి. దారాలతో పాటు పాదం దగ్గరి గ్రంథి ఊడి వస్తే అది బతకదు. పదునైన బ్లేడుతో రాయికి ఆనించి దారాలను కోయాలి, మళ్లీ కొత్తవి వస్తాయి. నీళ్లలోంచి బయటికి తీయాల్సి వస్తే, తిరిగి పెట్టేటప్పుడు మెల్లగా వంచి లోపల చిక్కిన గాలి బుడగలు పోయేలా చూడండి.

డెరాసాను, హిప్పోపస్‌ను ఇసుకలో నిలబెట్టండి. మాక్సిమాను కూడా ఇసుక మీద పెట్టాలనుకుంటే, కింద చదునైన చిన్న రాయి పూడ్చి దాని మీద కూర్చోబెట్టండి. రాయిని పట్టుకున్నాక, తర్వాత చోటు మార్చాలన్నా రాయితో సహా ఎత్తొచ్చు. ఇసుకలోంచి అడుగు గుండా పొడిచే పురుగుల బాధ కూడా తగ్గుతుంది. క్రోసియాకు రాతిలో చిప్ప కూరుకునేంత గుంట ఉన్న చోటు వెతకండి. దేన్నయినా రెండు రాళ్ల మధ్య ఇరికించొద్దు, తెరుచుకోవడానికి చోటు ఉండాలి. పంపు నీళ్లు నేరుగా మ్యాంటిల్‌కు తగిలి అంచు వెనక్కి మడతపడుతుంటే చోటు మార్చండి.

దుకాణం లైటు కన్నా మీది బలమైనదైతే మొదటి రోజే పైన పెట్టకండి. కింద మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పైకి తెండి, లేదా లైటు తగ్గించి మెల్లగా పెంచండి. రెండో రోజుకల్లా మ్యాంటిల్ సగమైనా తెరుచుకోవాలి. రాత్రిపూట కొంచెం ముడుచుకోవడం మామూలే. పగలంతా మూసుకునే ఉంటే ముందు చేపలను గమనించండి, తర్వాత చీకట్లో టార్చితో చిప్ప అడుగు చూడండి.

కుదురుకున్న క్లామ్ కాల్షియం, ఆల్కలినిటీలను ఆశ్చర్యపోయేంత లాగేస్తుంది, ముఖ్యంగా డెరాసా. అందుకే మొదటి నెల వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ కొలవండి. అంతకుముందు వేసే మోతాదు సరిపోకుండా అంకె పడుతూ వస్తుంటే కంగారుపడకండి, ఒకేసారి ఎక్కువ పోసేయకండి. రోజుకు 0.5 డీకేహెచ్ మించకుండా పెంచుకుంటూ, కొత్త మోతాదు దగ్గర నిలిపేయండి.